రెండు గంటల్లో చెప్పాల్సిన మాట



ఆసుపత్రిలో సూది వేయించుకునేటప్పుడు మనలో చాలామంది తల పక్కకు తిప్పుకుంటాం. సూది తీయగానే దూది నొక్కిపెట్టుకుని హమ్మయ్య అనుకుంటాం. మన మటుకు పని అయిపోయింది. సిస్టరుకు మాత్రం అసలు జాగ్రత్త అప్పుడే మొదలవుతుంది. మన రక్తం అంటిన సూది ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అది ఎవరికీ తగలకుండా డబ్బాలో పడేదాకా గడిచే ఆ కొద్ది క్షణాల గురించి ఈరోజు మీతో మాట్లాడతాను.

నేను చాలాకాలం ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో నర్సుగా పనిచేసి, ఆ తర్వాత నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పాను. వాడిన సూది చేతికి గుచ్చుకున్న నర్సులను ఎందరినో చూశాను. వాళ్లలో చాలామంది ఆ సంగతి పైకి చెప్పలేదు. చేయి కడుక్కుని, ప్లాస్టర్ చుట్టుకుని, మళ్లీ పనిలో పడ్డారు. గుచ్చుకున్న సూది కంటే ఆ మౌనమే ఎక్కువ ప్రమాదమని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు ప్రమాదం ఎంతో చూద్దాం. వాడిన సూది ద్వారా ముఖ్యంగా మూడు వైరస్‌లు రావచ్చు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. అందరూ భయపడేది హెచ్.ఐ.వి.కి. నిజానికి మూడింటిలో అన్నిటికంటే తేలిగ్గా అంటుకునేది హెపటైటిస్ బి. ఆ జబ్బున్న రోగికి వాడిన సూది, టీకా వేయించుకోని నర్సుకు గుచ్చుకుంటే, నూటికి 6 నుంచి 30 మందికి వైరస్ సోకే అవకాశం ఉంది. హెపటైటిస్ సి అయితే నూటికి ఇద్దరి లోపు. హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి సుమారు ముగ్గురు. హెపటైటిస్ బి వైరస్ మొండిది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికుంటుంది. 2022లో మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది హెపటైటిస్ బితో, 55 లక్షల మంది హెపటైటిస్ సితో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వాళ్లలో చాలామందికి తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. కాబట్టి రోగి ముఖం చూసి, కేస్ షీటు చూసి, ఈ సూదితో భయం లేదని ఏ నర్సూ అనుకోవడానికి వీల్లేదు.

మరి సూది ఎలా గుచ్చుకుంటుంది? ఒక మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీని ఊహించుకోండి. జ్వరంతో వణుకుతున్న రోగికి సెలైన్ పెట్టాలి. సిస్టరు చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి, లోపల సూది ఉన్న సన్నటి గొట్టం, అంటే కాన్యులా, ఎక్కించింది. గొట్టంలోకి రక్తం కనిపించింది. అంటే సరిగ్గా నరంలోనే పడింది. ఇప్పుడు లోపలి ఉక్కు సూదిని వెనక్కి లాగాలి. రక్తం కారకుండా ఎడమచేతి వేలితో నరాన్ని నొక్కి పట్టుకోవాలి. కుడిచేతిలో రక్తం నిండిన సూది. అదే కుడిచేత్తో సెలైన్ గొట్టం తగిలించాలి, ప్లాస్టర్ అతికించాలి. రోగి చేయి కదుపుతున్నాడు. పక్క మంచం దగ్గరి నుంచి ఎవరో "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని పిలుస్తున్నారు.

ఆ సూదిని ఆమె ఎక్కడ పెట్టాలి?

సూదులు వేసే డబ్బా చేతికందే దూరంలో ఉంటే అందులో పడేస్తుంది. చాలా వార్డుల్లో అది నర్సుల టేబుల్ దగ్గర, ఇరవై మంచాల అవతల ఉంటుంది. దాంతో సూది కిడ్నీ ట్రేలోకి వెళుతుంది. ట్రేలో దూది ఉంటుంది, ప్లాస్టర్ ముక్కలు ఉంటాయి. సూది వాటి కింద దాక్కుంటుంది. కొన్నిసార్లు పక్క దుప్పటి మీద పెట్టాల్సి వస్తుంది, అక్కడే మరుగున పడుతుంది. పొద్దున ఆయమ్మ వచ్చి దుప్పటి దులిపితే ఆమె అరచేతిలో దిగుతుంది. సూది వాడింది ఒకరు, గుచ్చుకుంది ఇంకొకరికి. ఎవరి రక్తమో చెప్పే వాళ్లు కూడా ఉండరు.

రెండో సందర్భం, సూదికి మళ్లీ మూత పెట్టడం. ఎడమచేతిలో చిన్న ప్లాస్టిక్ మూత, కుడిచేతిలో సూది. ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా సూది ఎడమచేతి చూపుడు వేలిలోనో, బొటనవేలిలోనో దిగుతుంది. మూత పెట్టకూడదని ప్రతి నర్సుకూ తెలుసు. పాఠ్యపుస్తకంలో ఉంది, గోడ మీద పోస్టరులో ఉంది. అయినా ఎందుకు పెడుతుంది? డబ్బా వార్డు చివర ఉంటే, తెరిచిన సూదిని పట్టుకుని మంచాల మధ్య, మనుషుల మధ్య అంతదూరం నడవాలి. ఎదురొచ్చిన పిల్లవాడికి తగులుతుందేమోనని భయం. ఇతరులకు తగలకూడదని మూత పెట్టబోయి తన వేలికే గుచ్చుకుంటుంది. ఇంతకంటే బాధాకరమైన ప్రమాదం ఏముంటుంది?

ఇలా జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటే. "చూసుకోవద్దా?" ఎన్నో ఏళ్లు ప్రపంచమంతా ఇదే మాట అన్నారు. దాన్ని ప్రశ్నించిన వాళ్లలో ముఖ్యులు అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జనీన్ జాగర్. ఆమె అంతకుముందు రోడ్డు ప్రమాదాల్లో తగిలే గాయాల మీద పనిచేశారు. డ్రైవర్లను మందలించడం కంటే కారును సురక్షితంగా తయారు చేస్తే ప్రాణాలు నిలుస్తాయని ఆ రంగం అప్పటికే నేర్చుకుంది. అదే చూపుతో ఆమె ఆసుపత్రి వైపు చూశారు. ఎవరికి గుచ్చుకుందన్న లెక్కతో ఆగకుండా, ఏ పరికరం గుచ్చుకుంది, ఏ పని చేస్తుండగా గుచ్చుకుంది అని లెక్క తీశారు. 1988లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కో పరికరానికీ ప్రమాదం ఒక్కోలా ఉంది. వాడాక విడదీయాల్సిన పరికరాలతో గాయాలు ఎక్కువ. దాదాపు మూడో వంతు గాయాలు మూత పెట్టడంతో ముడిపడినవే. వాడగానే సూది తనంతట తాను లోపలికి ముడుచుకునేలా, లేదా మొనకు తొడుగు పడేలా పరికరాన్నే మార్చాలన్న ఆలోచనకు ఈ లెక్కలు బలమిచ్చాయి.

ఆ ఆలోచన చట్టం కావడానికి నర్సులే నోరు విప్పాల్సి వచ్చింది. కేరెన్ డేలీ బోస్టన్ నగరంలో అత్యవసర విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన నర్సు. 1998 జులైలో ఒక రోగికి రక్తం తీసి, సూదిని గోడకున్న డబ్బాలో వేయబోయారు. అప్పటికే డబ్బాలోంచి పైకి పొడుచుకుని ఉన్న మరో సూది ఆమె చూపుడు వేలికి గుచ్చుకుంది. కొన్ని నెలల తర్వాత పరీక్షల్లో హెచ్.ఐ.వి., హెపటైటిస్ సి రెండూ సోకినట్టు తేలింది. ఆమె మూత పెట్టలేదు, ఏమరుపాటుగా లేరు. నియమం ప్రకారం డబ్బాలోనే వేస్తున్నారు. ప్రాణంలా చూసుకున్న వార్డు పని ఆమె వదులుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఆమె తన పేరు, తన జబ్బు దాచుకోకుండా చట్టసభ సభ్యుల ముందు నిలబడి మాట్లాడారు. 2000 నవంబరు 6న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన సూది గాయాల నివారణ చట్టం వెనుక ఆమెలాంటి నర్సుల గొంతు ఉంది. భద్రత ఉన్న పరికరాలు కొనాలని, వాటిని ఎంపిక చేసేటప్పుడు వార్డులో వాడే సిబ్బందిని అడగాలని, ప్రతి గాయాన్నీ రిజిస్టరులో రాయాలని ఆ చట్టం చెప్పింది. మరుసటి ఏడాదికే అక్కడి ఆసుపత్రుల్లో ఈ గాయాలు మూడో వంతుకు పైగా తగ్గాయని తర్వాతి అధ్యయనం తేల్చింది. అదే నర్సులు, అవే చేతులు, అదే హడావిడి. మారింది పరికరాలూ పద్ధతులూ. కేరెన్ డేలీ తర్వాత అమెరికా నర్సుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు.

ఇక మన దగ్గరి మౌనం సంగతికి వస్తాను. నేను పాఠాలు చెప్పే రోజుల్లో, రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకరోజు చేతికి ప్లాస్టర్‌తో క్లాసుకు వచ్చింది.

"ఏమ్మా, వేలికి ఏమైంది?"

"ఏం లేదు మేడం. ఆంప్యూల్ పగలగొడుతుంటే గాజు గీసుకుంది."

గాజు గీసుకుంటే పెద్ద విషయం కాదు. కానీ ఆ అమ్మాయి కళ్లు నా వైపు చూడలేదు. క్లాసయ్యాక పక్కకు పిలిచి కూర్చోబెట్టాను. కాసేపటికి ఏడుస్తూ చెప్పింది. ముందురోజు సాయంత్రం షుగర్ పరీక్ష చేస్తుండగా వాడిన లాన్సెట్ గుచ్చుకుంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఇన్‌చార్జి సిస్టర్ తిడతారు మేడం. హాస్టల్లో తెలిస్తే అందరూ నాకు హెచ్.ఐ.వి. అంటారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు" అంది. ఒక చిన్న గాయం చుట్టూ ఎన్ని భయాలో చూడండి. అదృష్టవశాత్తు అప్పటికి ఒక రోజు కూడా పూర్తి కాలేదు. వెంటనే హెచ్.ఐ.వి. మందులిచ్చే ఏ.ఆర్.టి. కేంద్రానికి తీసుకెళ్లాం. డాక్టరు గారు ఆమెకు ధైర్యం చెప్పి, మందు మొదలుపెట్టారు. ఆ రోగిని వివరంగా అడిగి, ఆయన ఒప్పుకున్నాక పరీక్ష చేశారు. ఆయనకు ఏ వైరస్ లేదని తేలింది. మందు ఆపేశారు. ఆ అమ్మాయి ఇప్పుడు మంచి నర్సు. కానీ ఆ సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమె ఒంటరిగా మోసిన భయాన్ని నేను ఎన్నటికీ తేలిగ్గా తీసుకోలేను.

చదువుకునే అమ్మాయిల సంగతి ఇదైతే, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల భయం ఇంకొకటి. చెబితే రెన్యువల్ ఆగుతుందేమోనని. ఆయమ్మలకూ, చెత్త ఎత్తే కార్మికులకూ అసలు ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు.

ఇంతగా చెప్పమని ఎందుకు అడుగుతున్నానంటే, దీనికి మందు ఉంది, ఆ మందుకు గడువు ఉంది. సూది గుచ్చుకున్నాక హెచ్.ఐ.వి. సోకకుండా వేసుకునే మందులను ఆసుపత్రుల్లో పెప్ అంటారు. సూది గుచ్చుకున్న రెండు గంటల లోపు మొదలుపెడితే మంచిది. ఎంత ఆలస్యమైతే ఫలితం అంత తగ్గుతుంది. 72 గంటలు దాటాక మొదలుపెట్టి ప్రయోజనం లేదు. మొదలుపెడితే 28 రోజులు మానకుండా వేసుకోవాలి. జిడోవుడిన్ అనే ఒకే మందు వాడిన తొలిరోజుల్లోనే, గుచ్చుకున్న సిబ్బందిలో హెచ్.ఐ.వి. సోకే అవకాశం సుమారు 81 శాతం తగ్గినట్టు 1997లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. ఇప్పటి మందులు అంతకంటే మెరుగైనవి, ఇబ్బందులు తక్కువ. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర ఇస్తారు.

వింటున్న నర్సులూ, విద్యార్థినులూ, ఆయమ్మలూ, ల్యాబ్ సిబ్బందీ, దయచేసి ఈ వరస గుర్తుపెట్టుకోండి.

సూది గుచ్చుకోగానే కంగారుపడకండి. చేయి కుళాయి కింద పెట్టి సబ్బుతో, నీళ్లతో కడగండి. వేలిని పిండకండి, నొక్కకండి. అలవాటుగా నోట్లో పెట్టుకోకండి. స్పిరిట్, బ్లీచింగ్ పోసి రుద్దకండి. రుద్దితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. కంట్లో రక్తం చిందితే మంచినీళ్లతో చాలాసేపు కడగండి, సబ్బు వాడకండి.

ఆ తర్వాత చేయాల్సిన పని ఒక్కటే, చెప్పడం. వార్డు ఇన్‌చార్జికి చెప్పండి, డ్యూటీ డాక్టరుకు చెప్పండి. ఏ సూది, ఎంత లోతు, ఏ రోగిది, ఎన్ని గంటలకు అన్నది రిజిస్టరులో రాయించండి. మీ రక్తపరీక్ష అప్పుడే ఒకసారి చేస్తారు. తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేస్తారు. ఆ వ్యవధిలో రక్తదానం చేయకండి. పెళ్లయినవాళ్లు కండోమ్ వాడండి. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వీలైతే 24 గంటల్లోపు ఇస్తారు. హెపటైటిస్ సికి టీకా లేదు. కానీ పరీక్షల్లో దాన్ని ముందే పట్టుకుంటే, సుమారు మూడు నెలలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. హెచ్.ఐ.వి. గురించి ఏ సందేహం ఉన్నా 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చెప్పుకోవడం మీ హక్కు కూడా. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే పెప్ మందులు ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. అది ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా అంతే. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్లటి అర్ధపారదర్శకమైన డబ్బాలోనే వేయాలని చెబుతున్నాయి. ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలనీ చెబుతున్నాయి. ప్రతి ఒక్కరికీ అంటే చెత్త బండి తోసే మనిషికి కూడా.

ఆ టీకా సంగతి ఒక్కమాట. హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది. ఖరీదు సామాన్యుడికి అందేది కాదు. వరప్రసాద రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన హైదరాబాదులోనే ఆ టీకాను తయారుచేసి, ఎంతో తక్కువ ధరకు బజారులోకి తెచ్చింది. జన్యు పరిజ్ఞానంతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదే. అలాంటి ఊళ్లో ఉండి కూడా మూడో డోసు వేయించుకోని నర్సింగ్ విద్యార్థినులు ప్రతి బ్యాచ్‌లో నాకు కనిపించేవారు. మొదటిది, నెలకు రెండోది వేయించుకుంటారు. ఆరో నెలకు పరీక్షలో, సెలవులో అడ్డొస్తాయి, మూడోది మరిచిపోతారు. మూడూ పూర్తయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకోవాలి. లెక్క పదికి మించితే ఆ జబ్బు భయం లేదు. సూది వల్ల అన్నిటికంటే తేలిగ్గా అంటుకునే జబ్బును అన్నిటికంటే తేలిగ్గా ఆపగలిగే మార్గం ఇది.

ఆసుపత్రులు నడిపే పెద్దలకు నా విన్నపం. మంచం దగ్గరకు వెళ్లే ప్రతి ట్రాలీ మీద సూదుల డబ్బా ఉండాలి. అది ముప్పాతిక నిండగానే మార్చాలి. పెప్ మందుల మొదటి మోతాదు క్యాజువాల్టీలో రాత్రి రెండు గంటలకు కూడా దొరకాలి. ఫార్మసీ పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారంటే ఆ రెండు గంటల గడువుకు అర్థం లేదు. తొడుగు ఉన్న కాన్యులాల ధర కొంత ఎక్కువే. కానీ ఒక నర్సు ఆరోగ్యం, ఆమె కుటుంబం ఆరు నెలలు పడే ఆందోళన కూడా లెక్కలో వేసి చూడండి. ఒక్క నర్సు మీద ఎన్ని మంచాలు వేస్తున్నారో కూడా చూడండి. పరుగెత్తే చేతికి ఎంత శిక్షణ ఇచ్చినా సూది తగులుతుంది.

రోగుల బంధువులకూ ఒకమాట. పిల్లలకు సూది వేసేటప్పుడు చేయి, కాలు కదలకుండా గట్టిగా పట్టుకోండి. సిస్టరు చేతిలో సూది ఉన్నప్పుడు వెనక నుంచి భుజం తట్టి పిలవకండి. ఒక్క నిమిషం ఆగండి. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు ఆ సూదులను మామూలు చెత్తలో పడేయకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, సూదులున్నాయని చెప్పి మునిసిపాలిటీ బండికి విడిగా ఇవ్వండి. లేదా మీరు వెళ్లే ఆసుపత్రిలో అడిగి అక్కడ ఇవ్వండి. తెల్లవారుజామున మీ వీధి చెత్తను చేత్తో వేరుచేసే మనిషికి చేతి తొడుగులు ఉన్నాయో లేవో మనకు తెలియదు.

చివరగా, వార్డు ఇన్‌చార్జి సిస్టర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు. మీ దగ్గరకు ఒక అమ్మాయి వచ్చి సూది గుచ్చుకుంది మేడం అన్నప్పుడు మీ నోటివెంట వచ్చే మొదటి మాట మీదే అంతా ఆధారపడి ఉంది. చూసుకోవద్దా అంటే, ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడూ చెప్పదు. ఆమెను చూసిన మిగతా పదిమందీ చెప్పరు. మంచిపని చేశావమ్మా చెప్పి, పద ముందు చేయి కడుగు, నేను డాక్టరుకు ఫోన్ చేస్తాను అంటే, మీ వార్డులో ఇక ఎవరూ దాచరు. దాచకపోతేనే ఎక్కడ, ఏ పనిలో, ఏ పరికరంతో గుచ్చుకుంటుందో లెక్క తేలుతుంది. లెక్క తేలితేనే డబ్బా ఎక్కడ పెట్టాలో, ఏది మార్చాలో తెలుస్తుంది.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ వార్డులో రెండే రెండు సంగతులు కనుక్కోండి. సూదుల డబ్బా మంచానికి ఎంత దూరంలో ఉంది? ఈ రాత్రి ఎవరికైనా సూది గుచ్చుకుంటే మందు ఎవరిస్తారు? ఈ రెండింటికీ వెంటనే జవాబు దొరక్కపోతే, దొరికేదాకా అడుగుతూనే ఉండండి. ఒక్కరు అడిగితే తోసిపుచ్చవచ్చు. వార్డంతా కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.